పాఠకుల ప్రశ్నలు: అక్కడ కేంద్రం మాట ఎంతవరకు చెల్లుతుంది?

పోయిన నెల ఈ శీర్షికలో "మీ వాళ్లెవరైనా అమెరికాలో ఉంటే, ఆ దేశపు పాలనలో మీకు అర్థం కానిదేదైనా రాసి పంపండి" అని అడిగాను. మద్రాసు తెలుగువాళ్లలో అలాంటి ఇల్లు కానిదెక్కడుంది! కవర్లూ, వాట్సాప్ సందేశాలూ కలిపి అరవై దాటాయి. సగానికి పైగా తిరిగి తిరిగి ఒకే చోటికి వచ్చాయి. దేశమంతటికీ ఒక ప్రభుత్వం ఉండగా ఒక్కో రాష్ట్రంలో ఒక్కో రూలేమిటి అని. 31 ఏళ్లు కాలేజీలో రాజనీతి శాస్త్రం చెప్పాను. ప్రతి ఏడూ పిల్లలు తడబడే పాఠం ఇదే. మనం పుట్టి పెరిగిన పద్ధతికి అది తలకిందులుగా ఉంటుంది, అందుకే ఆ తడబాటు. ఈసారి శీర్షిక మొత్తం దీనికే ఇస్తున్నాను.

ప్రశ్న: టీచరు గారూ, మా అబ్బాయి డెన్వర్‌లో ఎంఎస్ చదువుతున్నాడు. మొన్న వీడియో కాల్‌లో వాడి వెనకాల ఆకుపచ్చ ప్లస్ గుర్తున్న కొట్టు కనబడింది. మందుల షాపా అంటే, గంజాయి కొట్టన్నాడు. "ఇక్కడ లీగలేనమ్మా, గవర్నమెంటుకి పన్ను కూడా కడతారు" అన్నాడు. వాడి రూమ్మేటు అప్పుడప్పుడు వెళతాడట. గవర్నమెంటే ఒప్పుకున్నాక అది తప్పెలా అవుతుంది? (ఒక తల్లి, పెరంబూరు)

అమ్మా, కారణం తర్వాత చెబుతాను, ముందు చేయాల్సిన పని చూడండి. ఈ రాత్రికే ఫోన్ చేసి ఇద్దరు పిల్లలకీ ఆ కొట్టు గడప తొక్కొద్దని చెప్పండి. కొనడం, వాడడం సరే, అందులో పార్ట్‌టైం పని కూడా ఒప్పుకోవద్దనండి.

మీ అబ్బాయి చెప్పినదాంట్లో అబద్ధం లేదు. 2012 నవంబరులో, డెన్వర్ ఉన్న కొలరాడో రాష్ట్రం ప్రజలు ఓటేసి, 21 ఏళ్లు నిండినవాళ్లకి గంజాయిని అనుమతించారు. 2014 జనవరి 1న కొట్లు తెరిచారు. పన్ను కట్టేదీ నిజమే. అయితే 1970లో కాంగ్రెస్, అంటే వాళ్ల పార్లమెంటు, చేసిన మత్తుపదార్థాల చట్టం ఒకటుంది. దాని ప్రకారం అదే కొట్టులో అదే సరుకు అమ్మడం నేరం. ఒకే నేల మీద, ఒకే మనిషి మీద రెండు ప్రభుత్వాలకి అధికారం ఉంటుంది అక్కడ. కొలరాడో తన చట్టంలోని శిక్షని తను తీసేసుకోగలదు. వాషింగ్టన్, అంటే వాళ్ల కేంద్రం, రాసుకున్న శిక్షని ముట్టుకోలేదు.

మరి పోలీసులు చూస్తూ ఊరుకుంటారా అంటారేమో. డెన్వర్ వీధుల్లో తిరిగే పోలీసుకి జీతమిచ్చేది డెన్వర్ నగరం. "మా చట్టం నువ్వు అమలు చెయ్యి" అని అతనికి హుకుం వేసే హక్కు వాషింగ్టన్‌కి లేదు. 1997లో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా తేల్చింది. తుపాకులు కొనేవాళ్ల పూర్వాపరాలు షెరీఫులే, అంటే స్థానిక పోలీసు అధికారులే, తనిఖీ చెయ్యాలని కేంద్రం చట్టం చేస్తే, మోంటానా నుంచి ఒకరు, ఆరిజోనా నుంచి ఒకరు, ఇద్దరు షెరీఫులు కోర్టుకెళ్లి గెలిచారు. కేంద్రం తన చట్టాన్ని నడిపించాలంటే తన మనుషుల్నే పెట్టుకోవాలి. వాళ్లు ప్రతి వీధికీ చాలరు. ఆ కొట్టు అలా తెరిచి ఉండడం వెనక సంగతి ఇదీ.

వీసా, గ్రీన్‌కార్డు, పౌరసత్వం మాత్రం పూర్తిగా కేంద్రం చేతిలోవి. విమానాశ్రయంలో పాస్‌పోర్టు చూసే అధికారి కొలరాడో ఉద్యోగి కాడు. "ఎప్పుడైనా వాడావా?" అని ఆయన అడిగితే, "మేమున్న రాష్ట్రంలో తప్పు కాదు" అన్న జవాబు అక్కడ చెల్లదు. కేసు లేకపోయినా, శిక్ష పడకపోయినా, నోటితో ఒప్పుకున్న మాటే విదేశీ విద్యార్థి మెడకి చుట్టుకోవచ్చు. యూనివర్సిటీలు కేంద్రం డబ్బు తీసుకుంటాయి కనుక కొలరాడో కాలేజీ ఆవరణల్లో కూడా అది నిషిద్ధమే.

ఇక్కడే ఇంకో కథ చెప్పాలి, చదివిన నాటినుంచీ నా మనసులో ఉండిపోయింది. "మా పెరట్లో పెంచుకుని, మా జబ్బుకి మేం వాడుకుంటే కేంద్రానికేం పని?" అని కాలిఫోర్నియాలో ఇద్దరు రోగులు కోర్టుకెళ్లారు. 2005లో సుప్రీంకోర్టు ఆరుగురు ఒకవైపు, ముగ్గురు మరోవైపుగా, కేంద్రానికి పనుందని చెప్పింది. ఆధారంగా చూపించింది ఒక గోధుమల కేసు. ఒహాయోలో రోస్కో ఫిల్‌బర్న్ అనే రైతు పాలూ గుడ్లూ అమ్ముకుని బతికేవాడు. ధర పడిపోకుండా ఎవరు ఎంత గోధుమ వేయాలో కేంద్రమే లెక్కగట్టిన రోజులవి. ఆయనకి 11.1 ఎకరాలు రాసిస్తే 23 ఎకరాలు వేశాడు. మిగులు పంట నా కోళ్లకీ, పశువులకీ, ఇంట్లో రొట్టెలకీ, వచ్చే ఏటి విత్తనానికీ అన్నాడు. 117 డాలర్ల 11 సెంట్లు జరిమానా పడింది. రాజ్యాంగం కేంద్రానికి ఇచ్చింది రాష్ట్రాల మధ్య సాగే వ్యాపారాన్ని క్రమపరిచే అధికారం. నా కోడి తిన్న గింజ ఏ సరిహద్దు దాటింది అని ఆయన వాదం. 1942లో జడ్జీలు ఏకగ్రీవంగా ఆయన్ని ఓడించారు. నువ్వు పండించుకుంటే బజార్లో కొనవు, నీలా వేలమంది కొనకపోతే దేశంలో ధర మారుతుంది, కాబట్టి ఇది వ్యాపారం కిందికే వస్తుంది అన్నారు. ఈ తర్కం నాకు ఇవాళ్టికీ గొంతు దిగదు. కోళ్లగూటి దాకా వచ్చిన అధికారం ఇంకెక్కడ ఆగుతుంది? బడి దగ్గర తుపాకీ పెట్టుకోవడాన్ని వ్యాపారం అనలేం అంటూ కోర్టు మళ్లీ ఒక గీత గీయడానికి 1995 దాకా పట్టింది.

ప్రశ్న: మేడమ్, మా అక్క పోర్ట్‌లాండ్‌లో చెప్పులు కొంటే చీటీ మీద ఎంతుందో అంతే తీసుకున్నారట. షికాగోలో మా పిన్నికి మాత్రం ప్రతిసారీ బిల్లు ఎక్కువొస్తుంది. ఎందుకు? (తొమ్మిదో తరగతి విద్యార్థిని, చింతాద్రిపేట)

పోర్ట్‌లాండ్ ఉన్న ఒరెగాన్ రాష్ట్రంలో అమ్మకపు పన్ను లేదు తల్లీ. మోంటానా, డెలావేర్, న్యూహాంప్‌షైర్‌లలో కూడా లేదు. షికాగోలో రాష్ట్రం, కౌంటీ (మన జిల్లా లాంటిది), నగరం ఎవరి వాటా వాళ్లు వేసుకుంటారు. మన జీఎస్టీ లాగా దేశమంతటికీ కలిపి ఒక అమ్మకపు పన్ను అమెరికాలో లేనే లేదు. మనకు 2017 జూలై 1న వచ్చింది. జీఎస్టీ కౌన్సిల్‌లో కేంద్రం ఓటు బరువు మూడో వంతు, రాష్ట్రాలన్నిటిదీ కలిపి మూడింట రెండు వంతులు, తీర్మానం నెగ్గాలంటే నాలుగింట మూడు వంతులు కావాలి. రాష్ట్రాలన్నీ ఒక్కటైనా కేంద్రం లేకుండా ఏదైనా నెగ్గుతుందా? పెన్సిలు తీసుకుని లెక్కవేసి చూడు.

ప్రశ్న: కేంద్రం రాష్ట్రాలకి హుకుం వేయలేదంటారు. మరి మద్యం కొనడానికి 21 ఏళ్లు నిండాలన్న రూలు 50 రాష్ట్రాల్లోనూ ఒకేలా ఎలా ఉంది? (బ్యాంకు ఉద్యోగి, అంబత్తూరు)

మీరు బ్యాంకులో పనిచేస్తున్నారు కనుక జవాబు వినగానే పట్టేస్తారు. డబ్బు.

1984లో కాంగ్రెస్ "21 ఏళ్లు పెట్టండి" అని రాష్ట్రాలని ఆజ్ఞాపించలేదు. పెట్టని రాష్ట్రానికి హైవేల కోసం ఇచ్చే నిధుల్లో కొంత కోత పెడతామంది. దక్షిణ డకోటాలో అప్పటికి 19 ఏళ్ల కుర్రాళ్లు తక్కువ ఘాటు బీరు కొనుక్కోవచ్చు. ఆ రాష్ట్రం కోర్టుకెళ్లింది. 1987లో ఓడిపోయింది. కోత 5 శాతమే కదా, ఇష్టం లేకపోతే వదులుకోవచ్చు, కాబట్టి ఇది బలవంతం కిందికి రాదు అన్నారు జడ్జీలు. రోడ్లు వేసుకోవాల్సిన రాష్ట్రాలు ఒక్కొక్కటిగా దారికొచ్చాయి.

ఎంత కోత పెడితే బలవంతం అవుతుందో 2012లో తెలిసింది. పేదల వైద్యపథకం మెడికెయిడ్‌ని విస్తరించని రాష్ట్రాలకి, ఇప్పటిదాకా ఇస్తున్న డబ్బు కూడా ఆపుతామని ఒబామా ప్రభుత్వం తెచ్చిన ఆరోగ్య చట్టంలో ఉంది. అది తలకి తుపాకీ పెట్టడమే అని సుప్రీంకోర్టు కొట్టేసింది. తమిళనాడుకి రావాల్సిన చదువుల నిధుల మీద కేంద్రానికీ రాష్ట్రానికీ మధ్య నడిచిన గొడవ మీరు పేపర్లో చూసే ఉంటారు. షరతు ఏది, బలవంతం ఏది అన్న ఈ ప్రశ్న ఇక్కడా అదే. నన్నడిగితే, వంటపాత్ర ఎత్తుకెళ్లిపోతానని బెదిరించి, తర్వాత "ఇష్టముంటే ఒప్పుకో" అనడంలో ఇష్టానికి చోటెక్కడుంది?

ప్రశ్న: నమస్తే మేడమ్. సివిల్స్‌కి ప్రిపేర్ అవుతున్నాను. అమెరికాలో పదో సవరణ ప్రకారం మిగిలిన అధికారాలన్నీ రాష్ట్రాలవి, మన 248వ అధికరణ ప్రకారం కేంద్రానివి. రెండూ సమాఖ్యలే అయినప్పుడు ఇంత తేడా ఎందుకు? బట్టీ పట్టాను గానీ అర్థం కాలేదు. (ఒక విద్యార్థి, తాంబరం)

అర్థం కాలేదని ఒప్పుకున్నావు బాబూ, సంతోషం. ఎవరు ఎవరికి జన్మనిచ్చారో చూస్తే మిగతాదంతా దానంతటదే విడిపోతుంది.

అమెరికాలో రాష్ట్రాలు ముందు, కేంద్రం తర్వాత. మసాచుసెట్స్ రాజ్యాంగం 1780 నాటిది, దేశ రాజ్యాంగం కన్నా ఏడేళ్లు పెద్దది. ఇప్పటికీ అమల్లో ఉంది. స్వాతంత్య్రం ప్రకటించుకున్న 13 రాష్ట్రాలు 1781లో ఒక వదులు ఒప్పందంతో జతకట్టాయి. ఆ ఒప్పందంలో కేంద్రానికి పన్ను వేసే హక్కు లేదు. యుద్ధం అప్పులు తీర్చాలన్నా రాష్ట్రాల ముందు చెయ్యి చాచాలి. దిగుమతుల మీద 5 శాతం సుంకం వేసుకుంటామని అడిగితే, అందరూ ఒప్పుకోవాలన్నది నియమం కనుక, 1782లో చిన్న రోడ్ ఐలండ్ ఒక్కటి కాదంటే అంతటితో ఆగిపోయింది. 1786లో మసాచుసెట్స్ పడమటి జిల్లాల రైతులు, అప్పుల కింద పొలాలు పోతుంటే, కోర్టులు మూయించి తిరగబడ్డారు. అణచడానికి కేంద్రం దగ్గర సైన్యమూ లేదు, డబ్బూ లేదు.

అప్పుడు 1787 వేసవిలో ఫిలడెల్ఫియాలో కూర్చున్నారు. 55 మంది వచ్చారు, మాట బయటికి పొక్కకుండా కిటికీలు మూసుకుని నాలుగు నెలలు వాదించుకున్నారు. చివరికి సంతకం పెట్టింది 39 మంది. రోడ్ ఐలండ్ మనిషినే పంపలేదు. 9 రాష్ట్రాలు ఒప్పుకుంటే అమల్లోకి వస్తుందని రాసుకున్నారు. తొమ్మిదోది న్యూహాంప్‌షైర్, 1788 జూన్ 21న. రోడ్ ఐలండ్ 1790 మేలో, 34 ఓట్లకి 32తో, అందరికన్నా ఆఖరున వచ్చింది. ఇలా ఒక్కొక్కరి గుమ్మం ముందు నిలబడి అడిగి తెచ్చుకున్న అధికారం కేంద్రానిది. అడిగి తెచ్చుకున్నవాడికి జాబితా ఉంటుంది. ఇచ్చినవాడు ఇవ్వనిదంతా ఇంట్లోనే ఉంచుకుంటాడు. ఆ మాటే 1791లో పదో సవరణగా రాశారు.

మన దగ్గర? 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో అంబేడ్కర్ గారు విప్పి చెప్పారు. భారత సమాఖ్య రాష్ట్రాలు చేసుకున్న ఒప్పందం వల్ల పుట్టలేదు, అందుకే విడిపోయే హక్కు ఏ రాష్ట్రానికీ లేదు, అందుకే దీన్ని యూనియన్ అన్నాం అన్నారు. దేశం ఒక్కటే, పాలన సౌకర్యం కోసం రాష్ట్రాలుగా పంచుకున్నాం అన్నది ఆ వాదన. విభజన నెత్తురు ఆరని రోజులు, సంస్థానాలింకా పూర్తిగా కలవలేదు. అప్పుడు అలా రాయడం నాకు అర్థమవుతుంది. అయితే రాష్ట్రాలని చీల్చే, కలిపే అధికారం పార్లమెంటుకిచ్చిన మూడో అధికరణ ఎంత దూరం వెళుతుందో తెలుగువాళ్లకి తెలిసినంత ఎవరికి తెలుసు? 2014 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ విభజన బిల్లుని మూజువాణి ఓటుతో తిరస్కరించింది. జూన్ 2న తెలంగాణ ఏర్పడింది. అసెంబ్లీ అభిప్రాయం అడగాలి గానీ, దాన్ని పాటించాలని మన రాజ్యాంగంలో లేదు. తెలంగాణ కోరిక న్యాయమైనదని నమ్మేవాళ్లలో నేనూ ఉన్నాను. నేను చెబుతున్నది దారి గురించి.

అమెరికాలో ఆ దారి మూసి ఉంది. నాలుగో అధికరణ ప్రకారం ఒక రాష్ట్రాన్ని చీల్చాలంటే ఆ రాష్ట్ర శాసనసభ ఒప్పుకుని తీరాలి. అంతర్యుద్ధం మధ్యలో కూడా ఈ నియమాన్ని ఎలా పట్టుకు వేలాడారో చూడు. 1861లో వర్జీనియా దేశం నుంచి తప్పుకుంది. పడమటి కొండ జిల్లాలవాళ్లు మేం రామన్నారు. వీలింగ్ ఊళ్లో కూడి, అసలైన వర్జీనియా ప్రభుత్వం మాదే అని ప్రకటించుకుని, ఆ హోదాలో తమ విడిపోవడానికి తామే సమ్మతి ఇచ్చుకున్నారు. 1863 జూన్ 20న వెస్ట్ వర్జీనియా పుట్టింది. నియమం మేరకు సమ్మతి ఉన్నట్టు కాగితం మీద కనిపించాలన్న ఆరాటం చూశావా! యుద్ధం ముగిశాక, 1869లో, టెక్సాస్ కేసులో సుప్రీంకోర్టు రెండో సగం కూడా పూరించింది. యూనియన్ చెరగదు, అందులోని రాష్ట్రాలూ చెరగవు అంది. మనకి మొదటి సగం ఉంది, రెండోది లేదు.

ఈ పాఠం చెప్పే ప్రతిసారీ నాకు మైలాపూరు ఇల్లు గుర్తొచ్చేది. 1952లో రాయపేట హైరోడ్డులో బులుసు సాంబమూర్తి గారింట్లో పొట్టి శ్రీరాములు గారు 58 రోజులు నిరాహారంగా ఉండి, డిసెంబరు 15 రాత్రి ప్రాణం విడిచారు. నాకప్పుడు రెండేళ్లు. మా నాన్నగారు బీచి రోడ్డులో గుమాస్తా. ఆ చివరి వారమంతా ఆఫీసు నుంచి నేరుగా అక్కడికే వెళ్లి, గేటు బయట నిలబడి, లోపలినుంచి వచ్చే ప్రతి మనిషి ముఖమూ చూసి ఇంటికొచ్చేవారట. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, మద్రాసు రాలేదు, మేం ఇక్కడే ఉండిపోయాం. రాష్ట్రం అనేది పాలన సౌకర్యం కోసం గీసిన గీత అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోలేను.

పరీక్షకి పనికొచ్చే ఒక పేరు కూడా రాసుకో. 1969లో తమిళనాడు ప్రభుత్వం కేంద్ర రాష్ట్ర సంబంధాల మీద వేసిన కమిటీకి అధ్యక్షుడు పి.వి. రాజమన్నార్. మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా చేసిన తెలుగువాడు, తెలుగు నాటకకర్త. రాష్ట్ర ప్రభుత్వాన్ని తప్పించి రాష్ట్రపతి పాలన పెట్టే 356వ అధికరణ తీసెయ్యమని ఆ నివేదిక 1971లోనే చెప్పింది.

ప్రశ్న: ట్రంప్ గారికి ఒక గవర్నరు నచ్చకపోతే తీసెయ్యగలరా? (పాఠకుడు, విల్లివాక్కం)

తీసెయ్యలేరు. ఏ అధ్యక్షుడూ తీసెయ్యలేడు. పేరు ఒకటే అయినా మన గవర్నరూ వాళ్ల గవర్నరూ వేరు. అక్కడ గవర్నరంటే మన ముఖ్యమంత్రి స్థానం, 50 రాష్ట్రాల్లోనూ నేరుగా ప్రజలే ఎన్నుకుంటారు. దించాలన్నా ఆ రాష్ట్రంవాళ్లే దించాలి. 2003లో కాలిఫోర్నియా ఓటర్లు గ్రే డేవిస్‌ని మధ్యలోనే ఇంటికి పంపి సినిమా నటుడు ష్వార్జ్‌నెగర్‌ని ఎక్కించారు. 2009లో ఇల్లినాయ్ శాసనసభ బ్లాగోయెవిచ్‌ని అభిశంసించి తొలగించింది. వాషింగ్టన్ సంతకం రెండిట్లోనూ లేదు.

1984 ఆగస్టులో ఎన్టీఆర్ గారిని గవర్నరు దించేసినప్పుడు మా స్టాఫ్ రూములో తెలుగూ తమిళమూ తేడా లేకుండా అందరం రేడియో చుట్టూ చేరాం. 1976లో కరుణానిధి ప్రభుత్వం రద్దయిన రోజు తమిళ సహోద్యోగులకి బాగా గుర్తుంది కదా. 1989లో కర్ణాటకలో బొమ్మై ప్రభుత్వం పడిపోయింది. ఆ కేసులో 1994లో వచ్చిన తీర్పుతోనే ఈ అలవాటుకి కళ్లెం పడింది. బలం ఉందో లేదో సభలోనే తేలాలని జడ్జీలు చెప్పారు.

ప్రశ్న: వయోమింగ్ జనాభా దాదాపు 5 లక్షల 77 వేలు, కాలిఫోర్నియాది దాదాపు 3 కోట్ల 95 లక్షలు. సెనేట్‌లో ఇద్దరికీ రెండేసి సీట్లే. ఇది ప్రజాస్వామ్యమా మేడమ్? (సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, షోళింగనల్లూరు)

ప్రజల లెక్కన చూస్తే ప్రజాస్వామ్యం కాదు. అది బేరం, బేరంగానే చూడాలి. ఫిలడెల్ఫియాలో పెద్ద రాష్ట్రాలు జనాభా ప్రకారం సీట్లన్నాయి. చిన్నవి సమానంగా కావాలన్నాయి, లేకపోతే లేచిపోతామన్నాయి. కనెక్టికట్ ప్రతినిధులు మధ్యే మార్గం చూపించారు. కింది సభ అయిన ప్రతినిధుల సభలో జనాభా ప్రకారం, పై సభ అయిన సెనేట్‌లో సమానం. అంతటితో ఆగకుండా, ఏ రాష్ట్రం ఒప్పుకోకుండా దాని సెనేట్ సమానత్వాన్ని సవరణతో కూడా తీసెయ్యకూడదని ఐదో అధికరణలో తాళం వేసుకున్నారు. మిగతా సవరణలకైతే కాంగ్రెస్ రెండు సభల్లో మూడింట రెండు వంతులూ, 38 రాష్ట్రాలూ చాలు.

కాలిఫోర్నియా మనిషి స్థానంలో ఉంటే నాకూ కోపమొస్తుంది. అయినా మన దక్షిణాదివాళ్లం ఈ ప్రశ్నని తేలిగ్గా తీసిపారెయ్యలేం. మన రాజ్యసభ కూడా జనాభాని బట్టే. ఉత్తరప్రదేశ్‌కి 31, తమిళనాడుకి 18, ఆంధ్రకి 11, తెలంగాణకి 7. లోక్‌సభలో ఏ రాష్ట్రానికి ఎన్ని సీట్లన్నది 1971 జనాభా లెక్కల దగ్గర ఆపి ఉంచారు. ఆ ఆపు తీశాక తమిళనాడు 39, ఆంధ్ర 25, తెలంగాణ 17 సీట్ల బరువు తగ్గుతుందేమో అన్న భయం టీ కొట్టు దగ్గర కూడా వినబడుతోంది. పిల్లల్ని తక్కువ కనమంటే కన్నవాళ్లకి మాట తగ్గడమా అన్న బాధలో న్యాయముంది. అమెరికాలో ప్రతినిధుల సభ 435 సీట్లని పదేళ్లకోసారి తిరిగి పంచుతారు. 2020 లెక్కల తర్వాత కాలిఫోర్నియా చరిత్రలో మొదటిసారి ఒక సీటు పోగొట్టుకుంది, టెక్సాస్‌కి రెండు పెరిగాయి. సీటు పోయినా కాలిఫోర్నియాకి సెనేట్‌లో తన రెండూ కదలవు. మన దగ్గర సీటు తగ్గిన రాష్ట్రానికి అలాంటి రెండో ఆసరా లేదు. ఎల్లప్పుడూ రెండంటే రెండు సీట్లన్న పద్ధతి మనకొద్దు. కానీ జనాభా ఒక్కటే కొలబద్ద కాకుండా చూడమని అడగడంలో తప్పేమీ లేదు.

ప్రశ్న: మీరు చెప్పేదంతా వింటుంటే రాష్ట్రాలకే అధికారమంతా ఇచ్చేస్తే అన్నీ చక్కబడతాయనిపిస్తోంది. మనమూ అమెరికా పద్ధతే పెట్టుకుంటే పోలా? (రిటైర్డ్ రైల్వే ఉద్యోగి, కోడంబాక్కం)

అన్నయ్యగారూ, నేను అలా అనిపించేలా రాసి ఉంటే సరిదిద్దుకోవాలి. ఎలిజబెత్ ఎక్‌ఫర్డ్ అనే అమ్మాయి గురించి చెప్పనివ్వండి.

1957 సెప్టెంబరు 4, ఆర్కన్సా రాష్ట్రం, లిటిల్ రాక్ పట్నం. తెల్లపిల్లలకీ నల్లపిల్లలకీ వేరు బళ్లు రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు చెప్పి మూడేళ్లయింది. సెంట్రల్ హైస్కూల్లో తొమ్మిది మంది నల్లపిల్లలు చేరాల్సిన రోజు. అందరూ కలిసి వెళదామని ముందురాత్రి కబురంపుకున్నారు. ఎలిజబెత్ ఇంట్లో ఫోన్ లేదు, కబురందలేదు. 15 ఏళ్ల పిల్ల, తను కుట్టుకున్న కొత్త గౌను తొడుక్కుని ఒంటరిగా బస్సు దిగింది. బడి ముందు తుపాకులతో సైనికులు వరసగా నిలబడి ఉన్నారు. తనని కాపాడటానికే అనుకుంది. వాళ్లు తెల్లపిల్లలకి దారిచ్చి, ఆమెకి తుపాకులు అడ్డం పెట్టారు. వెనక జనం అరుస్తూ వెంటపడుతుంటే, పుస్తకాలు గుండెకి హత్తుకుని బస్‌స్టాపు దాకా నడిచి వెళ్లి బెంచీ మీద కూర్చుంది. ఆ సైనికులు రాష్ట్రం నేషనల్ గార్డు, పంపింది గవర్నరు ఫాబస్. ఆయన చెప్పిన సాకు శాంతి భద్రతలు, ఆనుకున్నది రాష్ట్రం హక్కు మీద.

అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ఆ గార్డుని కేంద్రం కిందికి తీసుకుని, 101వ ఎయిర్‌బోర్న్ సైనికుల్ని దింపారు. సెప్టెంబరు 25న తొమ్మిదిమందీ సైనికుల కాపలాలో బడి మెట్లెక్కారు.

రాష్ట్రాల హక్కులన్న మాట అమెరికాలో ఎక్కువకాలం మోసింది బానిసత్వాన్నీ, ఆ తర్వాత ఈ వేర్పాటునీ. 1787లో ఒక్కటై ఉండడం కోసం ఒప్పుకున్న బేరాల్లో బానిసని ఐదింట మూడు వంతుల మనిషిగా లెక్కగట్టడం కూడా ఒకటి. మొదటి పది సవరణల్లోని హక్కులు కేంద్రాన్ని కట్టేశాయే గానీ రాష్ట్రాల్ని కట్టెయ్యలేదు. 1833లో సుప్రీంకోర్టు ఆ మాట సూటిగానే చెప్పింది. అంతర్యుద్ధం జరిగి, 1868లో 14వ సవరణ వచ్చాకే, ఏ రాష్ట్రమూ తన గడ్డ మీది ఏ మనిషికీ చట్టం ముందు సమానత్వం నిరాకరించకూడదన్న వాక్యం రాజ్యాంగంలోకి వచ్చింది. ఆ వాక్యం లిటిల్ రాక్ బడి మెట్ల దాకా చేరడానికి ఇంకో 89 ఏళ్లు.

కాబట్టి మీ ప్రశ్నకి నా జవాబు: పెట్టుకోవద్దు. ఢిల్లీ నుంచి అసెంబ్లీని రద్దు చేసే అలవాటుకి అడ్డం నిలబడదాం. అలాగే ఏ ఊళ్లోనైనా ఒక దళిత బాలికని బడి గేటు దగ్గర ఆపితే, ఆ గేటు తెరిపించే బలం ఢిల్లీకి ఉండాలి. అంబేడ్కర్ గారు కేంద్రాన్ని బలంగా ఉంచడం వెనక ఈ ఆలోచన కూడా ఉందని నేను నమ్ముతాను. ఊరి పెత్తనం దళితుణ్ణి ఏం చేస్తుందో ఆయనకి పుస్తకాల్లోంచి తెలిసిన విషయం కాదు.

ప్రశ్న: అమ్మా, మావారూ నేనూ వచ్చే నెల కూతురి దగ్గరికి అమెరికా వెళుతున్నాం, ఆర్నెల్లు ఉంటాం. ఆయనకి ఇక్కడ 30 ఏళ్ల లైసెన్సు ఉంది. ఆర్టీవో ఆఫీసులో ఇంటర్నేషనల్ పర్మిట్ కూడా తీసుకున్నాం. అక్కడ కారు నడపొచ్చా? (గృహిణి, అన్నానగర్)

ఇంత రాశాక మీకే సగం జవాబు తెలిసిపోయి ఉంటుందమ్మా. లైసెన్సు ఇచ్చేది అమెరికా ప్రభుత్వం కాదు, ఒక్కో రాష్ట్రం. మన లైసెన్సు మీద ఎన్నాళ్లు నడపనిస్తారు, పర్మిట్ అడుగుతారా లేదా అన్నది ఆ రాష్ట్రం మోటారు వాహనాల శాఖే చెప్పాలి. రోడ్డు రూళ్లూ మారతాయి. న్యూజెర్సీలో ఎర్ర లైటు దగ్గర పూర్తిగా ఆగి, వద్దని బోర్డు లేకపోతే కుడివైపు తిరగొచ్చు. సొరంగం దాటి న్యూయార్క్ నగరంలోకి వచ్చాక, తిరగొచ్చని బోర్డు ఉంటే తప్ప తిరగకూడదు. పెట్రోలు బంకులో న్యూజెర్సీవాళ్లు మిమ్మల్ని పైపు పట్టుకోనివ్వరు, బంకు మనిషే పోయాలని అక్కడ చట్టం. పక్క రాష్ట్రంలో ఎవరి పెట్రోలు వాళ్లే పోసుకుంటారు.

కూతురు ఏ ఊళ్లో ఉంటుందో మీరు రాయలేదు. రాష్ట్రం పేరు తెలిపితే దాని నియమాలు చూసి వచ్చే నెల రాస్తాను. అప్పటిదాకా అన్నయ్యగారిని స్టీరింగు ముట్టుకోవద్దని చెప్పండి.